ఓచరు లేని మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కొవ్వూరులో యువతతో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "మేడం, యువతకి స్ఫూర్తినిచ్చేలా ఏదైనా చెప్పండి" అన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలీదు. నేను హాస్టల్ వార్డెన్‌ని. నాకు తెలిసింది స్టాక్ రిజిస్టరు, ఇండెంటు, బిల్లులు, ఓచర్లు, రాత్రి పదింటికి ఎవరికో జ్వరమని లేపడాలు. బీఈడీ చదివాను కాబట్టి సాయంత్రం స్టడీ అవర్లో కాస్త పాఠం కూడా చెబుతాను. ఆ స్టడీ అవర్లో జరిగిన ఒక పొరపాటు గురించి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

మా హాస్టల్లో ఇంటర్ చదివే ఒక కోయ అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువులు ఉంటాయని, వాటిలో ఎవరైనా మాటలు చేర్చవచ్చని కాలేజీలో విని వచ్చింది. "మేడం, అందులో తెలుగు మాటకి పక్కన వేరే భాషల్లో ఏమంటారో ఇస్తున్నారు. కోయ దగ్గర ఖాళీగా ఉంది. నేను రాయనా?" అంది. నాకు సంతోషమేసింది. రాయమన్నాను. కానీ టీచర్ బుద్ధి కదా, ఒక షరతు పెట్టాను. "ఏది రాసినా ఎక్కడి నుంచి తీసుకున్నావో కింద రాయాలి" అన్నాను.

మొదటి మాట నీళ్లు. ఆ పిల్ల బాగానే వెతికింది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు దక్షిణాసియా నిఘంటువులను ఆన్‌లైన్లో పెట్టారు. అందులో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. మొదటి కూర్పు 1961లో, రెండోది 1984లో వచ్చింది. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నిటినీ ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపుకి ఒక సంఖ్య ఇస్తారు. తమిళం ఇలా, కన్నడం ఇలా, తెలుగు ఇలా అని వరసగా ఉంటుంది. భాషల పేర్లు పూర్తిగా ఉండవు, పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఈ పిల్ల నీళ్లు అని వెతికితే నీరు గుంపు దొరికింది. అందులో ఇంగ్లీషు అక్షరాలు కే, ఓ, చుక్క. దాని పక్కన "నీర్" అని ఉంది.

"కో అంటే కోయే కదా మేడం" అంది. నేనూ చూశాను. "అంతే కదా" అన్నాను. రాసేసింది. కింద పుస్తకం పేరు, వెబ్‌సైటు చిరునామా కూడా పెట్టింది. చూడ్డానికి ఎంత బాగుందో!

మా అమ్మ బతికున్నన్నాళ్లూ నీళ్లని ఏరు అనే అంది. "ఏరు" అని అడిగితే చెంబుతో మంచినీళ్లు ఇచ్చేదాన్ని. కానీ తెర మీద పెద్ద యూనివర్సిటీ పేరు కనబడేసరికి, "మా వైపు ఏరు అంటారేమో, ఇంకో వైపు నీర్ అంటారు కాబోలు" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అచ్చులో ఉన్న మాట ముందు అమ్మ మాట చిన్నబోయింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం ఆ పిల్లని చూడ్డానికి వాళ్ల నాయనమ్మ వచ్చింది. పిల్ల గొప్పగా ఫోన్లో చూపించి చదివి వినిపించింది. ఆ ముసలమ్మ విని, "నీర్ ఎవరి మాటే? మనం ఏరు అంటాం గదా. హాస్టల్లో మేడం మార్పించిందా?" అంది. నా ముందే అంది.

ఆ రాత్రే పిల్ల "నీర్" తీసేసి "ఏరు" అని పెట్టింది. కింద ఏ మూలమూ ఇవ్వలేదు. ఏమని ఇస్తుంది? నాయనమ్మ అని రాస్తుందా? రెండు రోజుల్లో ఎవరో వచ్చి ఆ మార్పు తీసేసి, పాతదాన్నే తిరిగి పెట్టారు. "మూలం ఉన్న సమాచారాన్ని మూలం లేకుండా మార్చారు" అని ఒక ముక్క రాశారు. అంటే తప్పు మాటకి ఆధారం ఉంది కాబట్టి నిలబడింది. ఒప్పు మాటకి ఆధారం లేదు కాబట్టి పోయింది.

పిల్లకి ఏడుపొచ్చింది. "మన భాష మనకన్నా వాళ్లకి ఎక్కువ తెలుసా మేడం? వాళ్లెవరు తీసెయ్యడానికి?" అంది. ఇక్కడ కూర్చున్న మీలో సగం మంది కూడా అదే అంటారు. నాకూ కోపం వచ్చింది. కానీ ఒక వార్డెన్‌గా ఆలోచించాను.

హాస్టల్లో నేను యాభై కిలోల కందిపప్పు కొన్నాను. పిల్లలు తిన్నారు. అది నిజం, వంటమనిషి సాక్షి, పిల్లలు సాక్షి. కానీ ఆడిట్‌కి వచ్చిన ఆయనకి నేనెవరో తెలీదు. ఆయన అడిగేది ఓచరు. "అయ్యా, నేను నిజాయతీపరురాలిని" అంటే ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఎందుకంటే నా తర్వాత వచ్చే వార్డెన్ కూడా అదే మాట అంటుంది, అబద్ధం చెప్పేవాడూ అదే మాట అంటాడు. అందరూ కలిసి రాసే పుస్తకం కూడా అంతే. రాసేవాళ్లు ఒకరికొకరు తెలీదు. వాళ్లు మనిషిని నమ్మరు, ఓచరుని నమ్ముతారు. అక్కడ కోయ రానివాడు కూడా కోయ మాటని సరిచూసుకోగలగాలి.

మరి ఓచరు ఉన్నా తప్పెలా వచ్చింది? బిల్లు మన షాపుది కాదు కాబట్టి. మళ్లీ ఆ నిఘంటువు తెరిచి, ముందు మాటల దగ్గర ఉండే పొట్టి అక్షరాల పట్టిక చూశాం. అక్కడ కే, ఓ, చుక్క అంటే కోయ కాదు, కోత. తమిళనాడులో నీలగిరుల మీద ఉండే కోత వాళ్ల భాష. మన కోయ మాటలు ఆ పుస్తకంలో గోండి వరసలో, గోండి మాండలికాల మధ్య వస్తాయి. నీలగిరుల్లో వాళ్ల మాట తెచ్చి మనం గోదావరి ఒడ్డున మన నాయనమ్మ నోట్లో పెట్టాం.

గోండి వరసలో వెతికితే నీళ్లకి "ఏర్" అన్న రూపం దొరికింది. దాన్ని సరైన గుంపు సంఖ్యతో, కూర్పుతో చూపించి, ముందు చేసిన పొరపాటు ఏమిటో కూడా చర్చలో రాసి, మార్చింది. ఎవరూ ముట్టుకోలేదు. తీసేసినాయనే వచ్చి ధన్యవాదాలు చెప్పారు. ఆయన మన శత్రువు కాదు, ఆడిట్ చేస్తున్నాడు, అంతే.

ఈ కథలోంచి నేను నేర్చుకున్నవి మీకు చెప్పాలి. మీలో ఫోన్ లేనివాళ్లు లేరు, రేపు మీరూ రాస్తారు.

మొదటిది. షాపు వేరు, బస్తా వేరు. తెలుగు మాటకి అర్థం కావాలంటే మనలో చాలామంది ఆంధ్రభారతి తెరుస్తాం. ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లో ఉన్నది ఒకేచోట కనిపిస్తుంది. ఎంతో మేలు చేసిన పని అది. కానీ కింద "ఆంధ్రభారతి" అని మాత్రమే రాస్తే సరిపోదు. అందులో మీరు చూసింది బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమా, పిఠాపురం రాజావారి పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువా, బ్రౌన్ నిఘంటువా? శబ్దరత్నాకరం 1885 నాటిది. సూర్యరాయాంధ్రం మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఒక్కోదాని కాలం వేరు, చూపు వేరు. పుస్తకం పేరు, దాని ఏడాది, ఏ మాట కింద చూశారో ముందు రాసి, ఆ తర్వాత ఏ వెబ్‌సైట్లో చూశారో, ఏ రోజు చూశారో రాయాలి.

రెండోది కూర్పు. బ్రౌన్ దొర అంటే మనకి గౌరవం. ఎదురుగా రాజమండ్రిలో కూడా ఆయన కొంతకాలం ఉద్యోగం చేశారు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. కానీ షికాగో వాళ్లు ఆన్‌లైన్లో పెట్టింది 1903 నాటి రెండో కూర్పు. బ్రౌన్ 1884లోనే పోయారు. మరి ఆ రెండో కూర్పును సవరించింది ఎవరు? వెంకటరత్నం గారు, క్యాంబెల్ గారు, మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులు గారు. అందుకని ఆ తెర మీద చూసింది "1852లో బ్రౌన్ అన్నాడు" అని రాస్తే అది తప్పు కావచ్చు. బ్రౌన్ మాటో, పంతులు గారి మాటో మనకి తెలీదు. "బ్రౌన్ నిఘంటువు, రెండో కూర్పు, 1903" అని రాస్తే చాలు, నిజం నిలబడుతుంది.

మూడోది అక్షరం. తెలుగులో కూడా ఏరు ఉంది. వాగు అని ఒక అర్థం. ఎడ్లు కట్టిన నాగలి అని ఇంకో అర్థం, ఏరువాక అందులోంచే వచ్చింది. రాళ్లు ఏరడం ఇంకోటి. పాత నిఘంటువుల్లో వాగు అర్థం ఉన్న మాటని బండి ఱతో "ఏఱు" అని రాస్తారు. మీరు మామూలు ర కొట్టి, దొరకలేదని "నిఘంటువులో ఈ మాట లేదు" అని రాసేయకండి. దొరికినా, ఏ అర్థం దగ్గర చూశారో చెప్పండి. తెలుగు ఏరు పారేది. కోయ ఏరు తాగేది. తెలుగు నిఘంటువుని చూపించి కోయ మాటకి సాక్ష్యం అనకూడదు. హాస్టల్లో కొత్తగా చేరిన చిన్నపిల్ల "ఏరు కావాలి" అంటే, "ఏరు ఇక్కడెక్కడుందే, గోదారికి పో" అని మిగతా పిల్లలు నవ్వడం నేను విన్నాను. ఆ నవ్వు వెనక ఉన్నది కూడా ఇదే. ఒక భాష కొలతతో ఇంకో భాషని కొలవడం.

నాలుగోది, కాపీలు. ఒక చోట రాసింది ఇంకో పది వెబ్‌సైట్లు ఎత్తి పెట్టుకుంటాయి. కొన్నాళ్లకి ఎవరో ఆ పదింటిలో ఒకదాన్ని చూపించి, మొదటిచోట "ఇదిగో ఆధారం" అంటారు. మా "నీర్" ఇంకో ఏడాది అలాగే ఉండి ఉంటే, అదే ఇంటర్నెట్ అంతా కోయ మాటై కూర్చునేది. మన బిల్లుకి మనమే జిరాక్స్ తీసి దాన్ని రెండో బిల్లు అనకూడదు. అచ్చు పుస్తకం దాకా, లేదా మాట్లాడిన మనిషి దాకా వెళ్లాలి. ఇంకో జాగ్రత్త. వెబ్ పేజీలు మాయమైపోతాయి. చూసిన పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచి, ఆ చిరునామా కూడా ఇవ్వండి. నిఘంటువులోని అర్థాన్ని చూసి రాయండి గానీ వాక్యాన్ని ఎత్తి పెట్టకండి. మాట అందరిదీ, వాక్యం రాసినవాడిది.

ఐదోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మూలం చెప్పడం అంటే ఒప్పుకోవడం కాదు. సంస్కృత కళాశాల ఉన్న ఊరు ఇది. అమరకోశం పేరు ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఆ అమరకోశం కిరాతులని, శబరులని, పుళిందులని మ్లేచ్ఛ జాతులుగా లెక్క కట్టింది. పాత నిఘంటువుల్లో మన తెగల పేర్ల దగ్గర ఆనాటి పండితుల చూపో, దొరల చూపో కనిపిస్తుంది. వాటిని చూసి మీకు కోపం వస్తుంది, తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. ఎవరు, ఏ ఏడాది, ఏ పుస్తకంలో అలా అన్నారో పక్కన రాయండి. పేరు, తేదీ లేకుండా ఉంటే అది నిజంలా చలామణీ అవుతుంది. పేరు, తేదీ పెడితే అది ఫలానా కాలంలో ఫలానావాళ్ల అభిప్రాయం అవుతుంది. దాని కిందే మన వాళ్లు తమని తాము ఏమని పిలుచుకుంటారో, దానికీ ఆధారంతో రాయండి. అప్పుడు చదివేవాడికే తెలుస్తుంది.

అదే శబరుల దగ్గరికి ఇంకో పండితుడు వెళ్లాడు చూడండి. గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి చెవులు పోగొట్టుకున్నారని చెబుతారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. కానీ తెలుగు కోసం ఆయన చేసింది చెప్పుకున్నంతగా సవర కోసం చేసింది చెప్పుకోం. మన కోయకి కూడా పుస్తకాలు లేకపోలేదు. గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాట మీద స్టీఫెన్ టైలర్ అనే ఆయన రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో కోయ, సవర, కువి, కొండ, గోండి, కొలామి, లంబాడీ, ఆదివాసీ ఒడియా పిల్లలకి వాళ్ల మాటలో వాచకాలు తయారుచేశారు. ఆ ఒకటో తరగతి వాచకం కూడా అచ్చయిన పుస్తకమే, అదీ ఓచరే. మీ ఊరి బడి బీరువాలో ఉందేమో చూడండి.

ఇక అసలు కష్టం. ఏ పుస్తకంలోనూ లేని మాటల సంగతేమిటి? 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు నాలుగు లక్షలకు పైనే. అన్ని లక్షల మంది నోట్లో ఉన్న మాటలు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి? పోలవరం పైన ఒడ్డు ఊళ్లు ఖాళీ అయి, మన వాళ్లు కాలనీలకి వచ్చారు. అక్కడ సిమెంటు రోడ్డుంది, కుళాయుంది. రేవు లేదు, ఇసక తిన్నె లేదు. వల వేసే పనిలో, పడవ కట్టే పనిలో, ఏటి వరద గుర్తుపట్టే పనిలో వాడిన మాటలు వాడే పని లేక ముసలాళ్ల దగ్గరే ఆగిపోయాయి. వాళ్లు పోతే పోతాయి. వాటికి ఏ వెబ్‌సైట్లోనూ మూలం దొరకదు.

"నాయనమ్మ చెప్పింది" అంటే ఉమ్మడి పుస్తకాలు ఒప్పుకోవు. కానీ నాయనమ్మ చెప్పినదాన్ని మనం సరిగ్గా అచ్చు వేస్తే? ఇంగ్లీషు విక్షనరీ నియమాల్లో మనకి పనికొచ్చేది ఒకటుంది. పుస్తకాలు బాగా ఉన్న పెద్ద భాషల మాటకి సాధారణంగా వేర్వేరు చోట్ల వాడిన మూడు ఉదాహరణలు కావాలి. తక్కువ గ్రంథాలున్న చిన్న భాషలకి ఒక్కచోట వాడినా, ప్రస్తావించినా చాలు. అంటే చిన్న భాషకి తలుపు కొంచెం తెరిచే ఉంచారు. ఆ ఒక్క చోటు మనం తయారుచేయాలి.

అందుకే మన సంఘాన్ని ఒకటి కోరుతున్నాను. ప్రతి ఏడాదీ ఈ సంచికలో సన్మానాల ఫోటోలు వేస్తాం. వేయండి, నాదీ వేయండి. కానీ చివర నాలుగు పేజీలు మాటలకి ఇవ్వండి. ఒక్కో మాట దగ్గర ఐదు సంగతులుండాలి. మాట, దాని అర్థం, దాన్ని వాడిన ఒక వాక్యం, ఏ ఊరి మాట, ఎవరు ఎప్పుడు చెప్పారు. చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే వేయాలి, ఒప్పుకోకపోతే ఊరు, తేదీ చాలు. పాత నిఘంటువుల్లో పండితుల పేర్లుంటాయి గానీ మాట ఇచ్చిన మనుషుల పేర్లు చాలావాటిలో కనిపించవు. మనమైనా వేద్దాం. పూజ మాటలు, మందుమొక్కల గుట్టు బయటపెట్టొద్దని పెద్దలు అంటే అవి రాయొద్దు. పండుం అంటే పండగ అని రాయొచ్చు. ఆ పండుంలో వడ్డె ఏం పలుకుతాడో ఆయన్ని అడగకుండా రాయకూడదు.

మన సంచిక చిన్నదే. పెద్ద యూనివర్సిటీ పుస్తకంతో సమానం కాదు. మన మాట మనమే అచ్చు వేసి మనమే చూపిస్తే కొందరు సందేహిస్తారు కూడా. సందేహించనివ్వండి. తేదీ, ఊరు, వాక్యం ఉంటే రేపు ఎవరైనా ఆ ఊరు వెళ్లి సరిచూసుకోవచ్చు. సరిచూసుకునే వీలు ఇచ్చామంటే మన పని మనం చేసినట్టే. రెండు ఊళ్లలో రెండు రకాలుగా అంటే రెండూ వేయండి, మా ఊరిదే ఒప్పని కొట్టుకోకండి.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవుల్లో వచ్చి ఒక నోటుపుస్తకం చూపించింది. నాయనమ్మ దగ్గర కూర్చుని రాసుకున్న మాటలు. ప్రతి మాట కింద తేదీ ఉంది, ఊరు ఉంది. మొదటి పేజీలో మొదటి మాట ఏరు. దాని కింద నాయనమ్మ వేలిముద్ర ఉంది. "ఇదెందుకే?" అన్నాను. "ఓచరు మేడం" అంది.

మీ ఇంట్లో కూడా ఒక నాయనమ్మో, తాతో ఉంటారు. ఇంటికెళ్లాక ఫోన్ పక్కనపెట్టి, ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. మొదటి మాటగా మంచినీళ్లే అడగండి.

సెలవు. జై ఆదివాసీ.